లోపలి గడియ

రిజిస్ట్రేషన్ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు కల్లూరులోని మా ఇంటికి వస్తుంటారు. సెక్షన్ల గురించి అడుగుతారు. సెక్షన్లు నాకు మరపున పడుతున్నాయి, మనుషులే గుర్తున్నారు. కాబట్టి వాళ్లకు మనుషుల గురించే చెప్పి పంపుతాను. ఇది అలా చెప్పినదే.

వీలునామా మన ముందుకు వచ్చినప్పుడు చట్టం మనల్ని అడగమన్నవి చాలా తక్కువ. నువ్వేనా? ఇది నువ్వు రాయించిందేనా? నీ ఇష్టంతోనే వేలిముద్ర వేశావా? అంతే. ఎందుకు ఇస్తున్నావని అడిగే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదు. నేను మాత్రం సర్వీసంతా అదే అడిగాను. కడపలో చదువుకునే రోజుల్లో సంఘసంస్కరణ సభలకు తిరిగి, మైకు దొరికితే వదలని రకం నేను. గ్రహణం రోజు బజారులో నిలబడి తినడం, ముహూర్తాల మీద వాదాలకు దిగడం, ఇవన్నీ చేశాను. దేవుణ్నే ఎందుకని అడిగినవాణ్ని, ఆస్తి రాసే మనిషిని అడగకుండా ఉంటానా?

ముఖ్యంగా తమ ఆస్తిలో ఒక పాలు తీసి ధర్మానికి రాసేవాళ్లను అడిగేవాణ్ని. పిల్లలుంటారు, మనవలుంటారు. అయినా ముక్కూ మొహం తెలియని వాళ్లకు కొంత వదిలి పోతారు. ఎందుకు? వచ్చిన జవాబులన్నీ విన్నాక నా మనసులో మూడు సంచులు కుట్టుకున్నాను. ఒకటి భయం, ఒకటి పేరు, ఒకటి పగ. గండికోట దగ్గర ఒక పెద్ద రైతు గుడికి పొలం రాశాడు. ఎందుకయ్యా అంటే, రాత్రిళ్లు చచ్చిపోయిన అన్న కలలోకొచ్చి, జరిపిన పొలం గెట్టు చూపిస్తున్నాడన్నాడు. భయం సంచి. కల్లూరులో ఒక కాంట్రాక్టరు బడికి స్థలం రాస్తూ, లోపలికి పోతూనే కనపడేటట్లు తన విగ్రహం ఎంత ఎత్తు ఉండాలో కూడా రాయించాడు. పేరు సంచి. కడపలో ఒకాయన ఇల్లంతా అనాథాశ్రమానికి రాసి, "అల్లునికి ఒగ కిటికీ కూడా దక్కకూడదు సార్, అట్ల రాయించండి" అన్నాడు. మూడో సంచి గురించి చెప్పనక్కర్లేదు.

ధర్మమనేది ఈ మూడింటికీ కప్పిన పట్టుగుడ్డ అని నేను అందరితో వాదించేవాణ్ని. మా ఆఫీసు అటెండరు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఎందుకిస్తే ఏముండాది సారూ, ఇచ్చేది ఇస్తాండారు గదా! బర్రె ఎందుకు పాలిస్తాదో అడుగుతామా?" అనేవాడు. బర్రెను అడగం, మనిషిని అడుగుతాం అనేవాణ్ని నేను. "అందుకే బర్రె పాలిస్తాది, మనిషి కాయితమిస్తాడు" అని నవ్వి టీ తేవడానికి పోయేవాడు.

నా ఆఖరి పోస్టింగు పత్తికొండ. ఆ ఊరి ఎండాకాలపు మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు కలలోకి వస్తాయి. వాటిలో ఏవి జరిగాయో, ఏవి కలగన్నానో అన్నిసార్లూ తేల్చుకోలేను. భోజనాలయ్యాక ఆఫీసులో ఫ్యాను కింద మాటలన్నీ నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించేవి. కిటికీ అవతల రోడ్డు చివర లేని చెరువొకటి మెరుస్తుండేది. ఆ చెరువులోంచి ఒక లారీ తేలుతూ వచ్చేది. దగ్గరికొచ్చేసరికి చెరువు ఉండేది కాదు, లారీ నిండా టమాటాలుండేవి. నలిగిన టమాటాల పులుపు వాసన ఊరంతా పరుచుకుని ఉండేది. నిద్రకూ మెలకువకూ మధ్య సరిహద్దు రాయి పీకేసిన ఊరు అది.

ఆ ఆఫీసు వరండాలో ఒక డాక్యుమెంట్ రైటరు ఉండేవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. మనిషి కూడా మంచివాడే. ఒక్కటే జబ్బు, మామూలు మాట రాయలేడు. బావిని కూపమనీ, పాకను కుటీరమనీ రాసేవాడు. ఒకసారి ఎవరిదో పందుల షెడ్డును 'వరాహ నిలయం' అని రాస్తే, బ్యాంకువాళ్లు అది గుడి అనుకుని అప్పు ఇవ్వం పొమ్మన్నారు. నేను కోప్పడితే, "కాయితం మీద ఉండేది కలకాలం ఉంటాది సార్, కొంచెం శుభ్రంగా ఉండద్దా?" అన్నాడు.

ఒకరోజు ఆయన ఒక దరఖాస్తు పట్టుకొచ్చాడు. మార్కెట్టు వీధిలో పెద్ద కిరాణా వ్యాపారి తల్లి మంచం పట్టింది, వీలునామా రాయించింది, ఆఫీసుకు రాలేదు కాబట్టి మనమే ఇంటికి పోయి రిజిస్టరు చేయాలి. "గోశాలకు స్థలం రాస్తాంది సార్. పుణ్యాత్మురాలు" అన్నాడు చేతులు జోడించి. చచ్చేముందు ఆవు తోక పట్టుకోవడానికి ఇంకొకరు తయారయ్యారని నేననుకున్నాను. భయం సంచి ముందే విప్పి పెట్టుకుని ఆటో ఎక్కాను.

అంగడి ముందు భాగంలో ఉంది, ఇల్లు వెనక. ఎండలోంచి ఆ ఇంట్లోకి అడుగుపెడితే కాసేపు కళ్లు పోయాయి. పాత మట్టిమిద్దె. తలుపులూ కిటికీలూ వడగాలికి మూసేశారు. మిద్దె పైకప్పుకున్న గవాచి కంతలోంచి మాత్రం ఎండ ఒక్కటే స్తంభంలా గది మధ్యకు దిగి ఉంది. అందులో అంగడి నుంచి వచ్చిన మిరపపొడో, కందిపొట్టో, సన్నటి ధూళి నిదానంగా తిరుగుతోంది. ఆ వెలుగుకు అవతల మంచం, మంచం మీద ఆమె. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. కళ్లు మూసుకుని ఉంది. పెద్ద కొడుకు, యాభై దాటిన మనిషి, మాకు మజ్జిగ ఇచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె వీలునామాకు వేలిముద్ర వేసిన నాడు సాక్షులుగా ఉన్న పక్క అంగళ్ల వాళ్లిద్దరు గోడకానుకుని కూర్చున్నారు.

"పది మాట్లాడితే రెండు మెలకువలో మాట్లాడుతుంది సార్. డాక్టరు ఎక్కువ రోజులు చెప్పలేదు" అన్నాడు కొడుకు మెల్లగా.

"ఈ రెండు సాలు లేరా" అంది ఆమె కళ్లు తెరవకుండానే.

వీలునామాను నేనే గట్టిగా చదివి వినిపించడం నా అలవాటు. చదివాను. అంగడి, ఇల్లు కొడుకులిద్దరికి. నగలు కూతురికి. ఆమె ఊఁ కొడుతూ ఉంది. చివరికి వచ్చాను. టమాటా మార్కెట్టు గోడనానుకుని ఉన్న ఖాళీ స్థలమూ, దానిమీద కట్టడానికి బ్యాంకులో ఉన్న సొమ్మూ 'గోమాతల సేవార్థం గోశాల నిర్మాణమునకు'...

ఊఁ రాలేదు. కళ్లు తెరుచుకున్నాయి.

"ఏమి శాల?"

"గోశాల తల్లీ. ఆవులకు" అన్నాడు రైటరు.

"ఎవురి ఆవులు?"

"ఎవురివైతేనేం తల్లీ, ధర్మం గదా."

"నేను ఆవుల మాట యాడ ఎత్తినానప్పా?"

రైటరు తడబడ్డాడు. "మార్కెట్టు కాడ దొడ్డి కట్టియ్యాల అని నువ్వే గదమ్మా చెప్పింది! పశువుల దొడ్డి అని రాస్తే కాయితానికి బాగుండదని, గోశాల అని..."

మంచం కిర్రుమంది. ఆమెకేదో అవుతోందని కొడుకు పరుగెత్తాడు. ఆమె నవ్వుతోంది. దగ్గూ నవ్వూ కలిసిపోయి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఓరి నీ సదువు కాల్చ! ఆడోళ్లు పోయే దొడ్డి రా నాయనా! దొడ్డికి పోరా మీ ఇంట్లో ఆడోళ్లు?"

గోడ పక్క సాక్షి ఒకాయన నవ్వాపుకోలేక బయటికి పోయాడు. రైటరు మొహం కందిపోయింది. నేను కొడుకు వైపు చూశాను. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు కూడా.

"మీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలుసు సార్" అన్నాడు గొంతు తగ్గించి. "ఆయన తప్పే రాసినాడు. కానీ మంచి తప్పు సార్. ఉండనీయండి."

"ఏందిరా గొణుగుతాండావు?"

"ఏం లేదమ్మా." ఆపుకోలేక మళ్లీ అందుకున్నాడు. "కాదమ్మా, నువ్వే చెప్పు. మార్కెట్టులో నాయన పేరు చెప్తే ఈ పొద్దుటికీ లేచి నిలబడతారు. అన్నదానం పెట్టిస్తా. సత్రం కట్టిస్తా. కాలేజీ పిల్లోళ్లకు ఫీజులు కట్టమను, కడతా. లెట్రిన్లా అమ్మా? రేపు ఊరంతా 'సెట్టి కాడికి పోయొస్తా' అంటారు!"

"పేరు ఎయ్యద్దు."

"ఎయ్యకపోయినా అంటారు."

"అంటే అననీ. మీ నాయన పేరు చెప్పుకోని ఒగామె సుకంగా కూర్చోని లేస్తే ఆయప్పకేమి నష్టం?"

ఆమె కళ్లు మళ్లీ మూతపడ్డాయి.

ఇక నా వంతు. కాగితం ఆమెది కాదని ఆమే చెప్పింది. దాన్ని నేను రిజిస్టరు చేయలేను. ఆ మాటే చెప్పాను. కొడుకు మొహం తేలికపడింది. "అయితే వచ్చే వారం కొత్తగా రాపిస్తాం సార్. అమ్మ కొంచెం తేరుకున్నాక" అన్నాడు. ఆ గదిలో వచ్చే వారమనేది ఎవరికి ఉంటుందో ఎవరికి ఉండదో అందరికీ తెలుసు. ఆమె వీలునామా లేకుండా పోతే ఆ స్థలం పిల్లలకే వస్తుంది. దాంట్లో గోశాల వస్తుందో, గోడౌను వస్తుందో వాళ్ల ఇష్టం. నా పని అక్కడికి అయిపోయింది. చట్టప్రకారం కాగితాలు సర్దుకుని లేవచ్చు.

నేను లేవలేదు. స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని, "పెద్దమ్మా, ఎందుకు?" అని అడిగాను.

ఆమె నన్ను చూడలేదు. గవాచి కింద తిరుగుతున్న ధూళి వైపు చూస్తూ, అందులో ఎవరో కనిపిస్తున్నట్టు మాట్లాడింది. ఆ మాటలు మంచం మీంచి కాక, అంగడి తెరిచి ఉన్న ఏదో పాత ఉదయంలోంచి వస్తున్నట్టు ఉన్నాయి.

"నీళ్లు నాయనా. ఎండలు ముదుర్తానే ఆయప్ప అంగడి ముందర చలివేంద్రం పెట్టేటోడు. కొత్త కుండలు, వట్టివేర్లు. మొగోళ్లందురూ తాగిపోయేటోళ్లు. టమాటా గంపలు తెచ్చేటి ఆడోళ్లు రారు. పిలిస్తే వద్దమ్మా అంటారు. నోరు పిడచ కట్టుకపోతాంటాది, వద్దమ్మా అంటారు. మా ఇంటి నీళ్లు తాగరేమో, శానా పొగురు అనుకుంటి. ఒగనాడు ఒగామె మా గడప కాడే పడిపాయ. నీళ్లు నోట్లో పోస్తాంటే పండ్లు బిగబట్టింది. తాగు తల్లీ, సస్తావు అంటే ఏమనింది తెలుసునా? 'తాగితే యాడికి పోవల్లమ్మా?' అనింది."

ఆమె పెదాలు తడుపుకుని మళ్లీ అందుకుంది.

"తెల్లారకముందు వాళ్ల ఊర్లో పోతారంట. మళ్లా చీకటి పడినాక ఊర్లోనే. అందాక గొంతు తడుపుకోరంట. మేము ఏటేటా కుండలు పెట్టి నీళ్లు పోస్తిమి గానీ, తాగనిస్తిమా నాయనా?"

ఈ కరువు సీమలో పుట్టి పెరిగినవాణ్ని. నీళ్లు లేక చచ్చినవాళ్లను చూశాను, నీళ్ల కోసం కొట్టుకున్నవాళ్లను చూశాను. ఎదురుగా చల్లటి కుండ పెట్టుకుని భయంతో వద్దన్నవాళ్లు ఈ సీమ నిండా ఉన్నారని నాకు అప్పటిదాకా తట్టలేదు. సభల్లో స్త్రీల హక్కుల మీద గంటలు గంటలు మాట్లాడినవాణ్ని. ఆ సభలకొచ్చిన ఆడవాళ్లు ఎంతసేపటికి లేచి పోయేవాళ్లో, ఎందుకు పోయేవాళ్లో కూడా ఆలోచించలేదు.

"అప్పుడే కట్టియ్యకపోయినారా?" అన్నాను.

"ఆయప్పకు చెప్తే వీడు చెప్పిన మాటే చెప్పె. మొగోళ్లకు దొడ్డి అంటే సిగ్గు. గోడ కనపడితే మాత్రం సిగ్గుండదు." బయటికి పోయిన సాక్షి తిరిగొచ్చి గోడకానుకున్నాడు, ఈసారి నవ్వలేదు. "స్థలం నా పేరు మీద ఉండాది. పోయేటప్పుడన్నా నా మాట చెల్లాల గదా."

"పుణ్యం కోసమా?" అని పట్టుబట్టాను. భయం సంచి ఇంకా నా చేతిలోనే ఉంది.

"పుణ్యం కోసరం దొడ్లు ఎవురన్నా కడతారా?" విసుక్కుంది. "అంగట్లో ఎన్ని తూకాలేసినా, ఆఖర్న గుప్పెడు కొసరు ఎయ్యకపోతే బేరం తెగదు. గంప ఎత్తుకోరు, ఆడనే నిలబడతారు. నీళ్లు పోసినాము, కొసరు ఎయ్యలేదు. వాళ్లు ఇంకా నిలబడే ఉండారు."

"కొసరంటే పిడికెడు గదమ్మా" అన్నాడు కొడుకు. గొంతులో బలం తగ్గింది. "అంత స్థలం కొసరా?"

ఆమె దుప్పటి కిందనుంచి చేయి బయటికి తీసింది. ఎండిన చేయి. దాన్ని మూసి పైకెత్తి చూపించింది. "పిడికిలి నాది గదరా."

ఆ కొడుకు మొహంలో అప్పుడు ఏం జరిగిందో నేను వర్ణించలేను. గది చీకటిగా ఉంది. పైగా ఆయన గోడ వైపు తిరిగాడు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. రైటరును కూర్చోమన్నాను. ఆయన పెన్ను తెరిచి, మొదటి భాగాలన్నీ తిరగరాసి, ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఆ చేయి ఎన్ని వేల దస్తావేజులు రాసిందో, ఆ ఒక్క మాట మాత్రం కలం దిగదు.

"శౌచాలయం అని రాయనా సార్?"

"ఆ మాట నాకే అర్థం కాకపోతే, గంప మోసేదానికి అర్థమవుతాదా?" అంది ఆమె.

"దొడ్డి అంటే మళ్లా గోశాల అనుకుంటారు తల్లీ, నాలాంటోళ్లు" అన్నాడు. ఆ మాట వ్యంగ్యం కాదు, నిజమైన బాధ.

"మరుగుదొడ్డి అని రాయి" అన్నాను నేను.

ఆమె ఆ మాటను నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండుసార్లు అంది. "మరుగు... మరుగుదొడ్డి. ఆ, బాగుండాది. వాళ్లడిగేది మరుగే గదా. రాయి."

పెన్ను కదిలింది. బయట ఎవరో అంగట్లో బెల్లం అడుగుతున్నారు. చిన్నకొడుకో, గుమాస్తానో తూకం రాళ్లు వేస్తున్న చప్పుడు. గవాచి వెలుగు కొంచెం జరిగి మంచం కోడును తాకింది. రైటరు చదివి వినిపించాడు: మార్కెట్టుకొచ్చే ఆడవాళ్ల కోసం మరుగుదొడ్లు, నీళ్ల తొట్టితో సహా. ఆమె ఊఁ కొట్టింది.

గోడ వైపు తిరిగి ఉన్న కొడుకు అప్పుడు అడిగాడు:

"తాళం ఎవురి కాడ ఉండాల?"

అందరం ఆయన వైపు చూశాం. ఒప్పుకుంటున్నానని ఆయన చెప్పలేదు. వ్యాపారి ఒప్పుకునే తీరు అదే. పని ఎలా నడవాలో అడుగుతాడు.

"ఊర్లో ఉండే లెట్రిన్లన్నిటికీ తాళాలే అమ్మా" అన్నాడు. "కట్టినోడు ఒగడు, తాళం ఇంకొకని కాడ. వాడు యాడికి పోయింటాడో తెలీదు. మనం కట్టి తాళమేస్తే కట్టకపోయినట్లే. అందుకని అడుగుతాండా. తాళం ఎవురికియ్యాల?"

"తాళమెందుకురా? ఏముండాది ఆడ దొంగలెత్తుకపోనీకి?" అంది ఆమె. "లోపల గడియ పెట్టియ్యి. గట్టి గడియ. అది సాలు."

"రాయండి" అన్నాడు కొడుకు రైటరుతో.

రైటరు రాశాడు. ఒక్క సంస్కృతపు మాట లేకుండా, ఆయన జీవితంలో మొదటిసారి కావచ్చు: 'తలుపులకు బయట తాళం ఉండకూడదు. లోపల గడియ ఉండాలి.' సాక్షులు చూస్తుండగా ఆమె వేలిముద్ర వేసింది. నేను అడగవలసిన మూడు ప్రశ్నలూ అడిగాను. ఆమె మూడింటికీ ఔనంది. మేం లేచేసరికి నిద్రపోయింది. అది నిద్రేనా అని కొడుకు వంగి చూసి, దుప్పటి సర్ది, మమ్మల్ని వాకిలిదాకా సాగనంపాడు.

తిరుగు ఆటోలో మార్కెట్టు దాటుతుంటే రైటరు, "మా ఇంటామె కూడా ఆదివారం సంతకొస్తాది సార్" అన్నాడు. "ఎప్పుడూ మూడు గంటల్లోనే ఇల్లు చేరాలంటాది. సంతలో బేరం చేయడం రాదని తిడుతుంటి." రోడ్డు చివర లేని చెరువు మెరుస్తూనే ఉంది.

వానలు రాకముందే ఆమె పోయింది. ఆ ఏడే నేను రిటైరయ్యాను. ధర్మం ఎందుకు చేస్తారో ఆ గదిలో తెలిసిపోయిందని మీకు చెప్పను. ఆ మూడు సంచులూ అబద్ధమని కూడా చెప్పను. భయం, పేరు, పగ మన దేశంలో ఇప్పటికీ సగం సత్రాలను మోస్తున్నాయి. కానీ నాలుగో రకం వాళ్లు ఉంటారు. తాము ఇచ్చినదాన్ని తామే అనుమానంగా చూసుకుంటారు. పుచ్చుకున్నవాడికి అది నిజంగా అందిందా అని వెనక్కి తిరిగి చూస్తారు. పరలోకం వైపు చూసేవాళ్లకు ఆ చూపు రాదు. గడప మీద కూర్చుని, ఎదురుగా పోయేవాళ్ల మొహాలు చూసేవాళ్లకు వస్తుంది. అది భక్తి కాదు, నా వాదనల్లో నేను వెతికిన హేతువే. నేను దాన్ని పుస్తకాల్లో వెతుకుతూ ఉన్నాను, అంతే.

మొన్న ఆదోని పెళ్లికి పోయి వస్తూ పత్తికొండలో బస్సు దిగాను. పనేమీ లేదు. పొద్దున పదయ్యింది, మార్కెట్టు మంచి హడావిడిగా ఉంది. గోడ వెంబడి నడిచి పోతే వరసగా గదులు కనిపించాయి. పేరు లేదు, ఫలకం లేదు. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. తలుపులకు తాళాలు లేవు. ఒక తలుపు మూసి ఉంది. మిగతావి గాలికి కొంచెం కొంచెం ఊగుతున్నాయి. నాకు ఎండ దెబ్బో, నిద్రమత్తో తెలియదు, అక్కడే నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో కూడా తెలియదు.

గంప దించి చెంబెడు నీళ్లు గటగటా తాగిన ఒకామె, కొంగుతో మూతి తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఏమప్పా, పెద్దమనిషివి. ఆడోళ్లు పోయే కాడ నీకేం పని?"

"ఏం పనీ లేదమ్మా" అన్నాను.

"లేకపోతే పక్కకు జరుగు" అని నన్ను దాటుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. లోపల గడియ గట్టిగా పడింది.

నేను పక్కకు జరిగాను.